తిప్పుకునే షాకులా, కొలిచి కట్టించిన షాకులా?

1961 మార్చిలో జెనీవా మోటార్ షోకి వచ్చినవాళ్ల కళ్లన్నీ జాగ్వార్ ఈ-టైప్ పొడవాటి ముక్కు మీదే నిలిచాయి. ఆ కారులో అంతకన్నా ఎక్కువ కాలం బతికిన పనితనం మాత్రం వెనకవైపు, నేలకు దగ్గరగా, వంగి చూస్తే తప్ప కనపడని చోట ఉంది. జాగ్వార్ ఇంజినీరు బాబ్ నైట్ రూపొందించిన వెనక సస్పెన్షన్ అది. రెండు చక్రాలనూ ఒకే ఇరుసుకి బిగించకుండా దేని దారిన దాన్ని పైకీ కిందికీ కదలనిచ్చే స్వతంత్ర సస్పెన్షన్ ఏర్పాటు. ఉక్కు పంజరంలాంటి చిన్న చట్రం, దాని మధ్య డిఫరెన్షియల్, ఆ డిఫరెన్షియల్‌ని ఆనుకుని రెండు డిస్క్ బ్రేకులు, ఒక్కో వైపు ఒక లోయర్ ఆర్మ్, పై ఆర్మ్ పని కూడా తానే చేసే హాఫ్ షాఫ్టు, ఒక్కో చక్రానికి రెండేసి చొప్పున నాలుగు కాయిల్ స్ప్రింగులు, వాటి నడుమ నాలుగు షాక్ అబ్జార్బర్లు. అదే ఏడాది మార్క్ 10లో, 1968లో ఎక్స్‌జే6లో, 1975లో ఎక్స్‌జే-ఎస్‌లో ఇదే అమరిక చిన్న చిన్న మార్పులతో కనిపిస్తుంది. 1990ల దాకా దాని ఆయువు తీరలేదు.

అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో పాత కార్లను సొంత చేతులతో మళ్లీ కట్టుకునేవాళ్లకి ఈ పంజరం వరమైంది. రబ్బరు దిమ్మెల బోల్టులూ, ముందుకు సాగే రేడియస్ ఆర్ములూ, బ్రేకు గొట్టాలూ, ప్రొపెల్లర్ షాఫ్టూ విప్పితే అంతా ఒకే ముక్కగా కిందికి దిగుతుంది. తుక్కు యార్డులో పడి ఉన్న ఎక్స్‌జే నుంచి దాన్ని దించి 1932 ఫోర్డ్ రోడ్‌స్టర్ కిందకో, పాత పికప్ కిందకో ఎక్కించిన కార్లు లెక్కలేనన్ని. తర్వాత వచ్చినవాళ్లు 1984లో మొదలైన నాలుగో తరం కార్వెట్ వెనక భాగాన్నీ, 1989 నుంచి 1997 దాకా వచ్చిన ఫోర్డ్ థండర్‌బర్డ్‌దీ, 1999 నుంచి 2004 దాకా వచ్చిన మస్టాంగ్ కోబ్రాదీ ఇలాగే వాడుకున్నారు. మన దేశంలో రోడ్డు మీద తిరిగే బండికి ఇంత మార్పు కుదరదు. తయారీదారు చెప్పిన నిర్దేశాలను తోసిరాజని బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే ఖాయం చేసింది. అందుకని ఈ చర్చ చాలావరకు అక్కడి గ్యారేజీలది, అక్కడ స్థిరపడి కారు కింద దూరడం అలవాటైన మనవాళ్లది కూడా.

వెల్డింగు అయిపోయింది, డిఫరెన్షియల్ కోణం కుదిరింది, ప్రొపెల్లర్ షాఫ్టు కోసి పొడవు సరిచేశారు. ఇక షాకులు కొనాలి. ఇక్కడ రెండు పక్షాలు తేలతాయి. మొదటి పక్షం వాళ్లు నాబ్ తిప్పితే గట్టిగానో మెత్తగానో మారే కాయిలోవర్ షాకులు, అంటే చుట్టూ స్ప్రింగు ఎక్కించిన షాకులు, కొనమంటారు. రెండో పక్షం వాళ్లు కారు బరువూ, చక్రం కదలికా కొలిచి, ఆ లెక్కకి లోపలి వాల్వులు కుదిర్పించుకోమంటారు; బిగించాక అందులో తిప్పడానికేమీ ఉండదు. నా మొగ్గు రెండో వైపే. అయినా మొదటి వాదనలో నిజమైన బలం ఉంది, దాన్ని తక్కువ చేసి చెబితే అన్యాయం.

కంపెనీ కారుకి షాకులు కుదర్చడానికి ఇంజినీర్లు నమూనా బళ్ల మీద నెలల తరబడి తిరుగుతారు. వాల్వు పలకలు మార్చి, మళ్లీ నడిపి, మళ్లీ మారుస్తారు. ఇంట్లో కట్టుకున్న కారు ప్రపంచంలో ఒక్కటే ఉంటుంది. దానికి ముందూ వెనకా పోలిక లేదు. పెట్రోలు ట్యాంకు వెనక్కి జరుగుతుంది, బ్యాటరీ డిక్కీలోకి పోతుంది, పాత ఆరు సిలిండర్ల ఇంజను స్థానంలో వీ8 కూర్చుంటుంది, టైర్లు రెండంగుళాలు వెడల్పవుతాయి. కారు పూర్తయ్యేదాకా వెనక ఇరుసు మీద ఎంత బరువు పడుతుందో కట్టేవాడికే తెలియదు. అలాంటి బండికి ముందే వాల్వులు ఖరారు చేయించడం గుడ్డి అంచనా అవుతుందని మొదటి పక్షం అంటుంది. పైగా జాగ్వార్ పంజరంలో షాకులు విప్పడం చిన్న పని కాదు. విప్పి, పెట్టెలో సర్ది, వాల్వు మార్చే షాపుకి పంపి, తిరిగొచ్చాక బిగిస్తే అది కూడా నప్పకపోవచ్చు. ఈలోగా కారు స్టాండుల మీద నిలబడే ఉంటుంది. బాగా నడిచే కాలమంతా అలా గడిచిపోతే ఎవరికైనా మనసు విరుగుతుంది. నాబ్ ఉంటే రోడ్డు పక్కన ఆపి రెండు క్లిక్కులు తిప్పి సాగిపోవచ్చు. ఈ సుఖానికి విలువ ఉంది.

ఇప్పుడు రెండో పక్షం మాట వినాలంటే షాకు చేసే పనిని కొంచెం దగ్గరగా చూడాలి. బరువు మోసేది స్ప్రింగు. షాకు మోయదు. గతుకు తగిలినప్పుడు స్ప్రింగు నొక్కుకుని శక్తి దాచుకుంటుంది, తర్వాత ఎగదన్నుతుంది. ఆ ఊగిసలాటని అణచి, దాని శక్తిని నూనె ద్వారా వేడిగా మార్చి గాలిలోకి వదిలేయడమే షాకు పని. ఎంత గట్టిగా అణచాలన్నది మూడు సంగతుల మీద ఆధారపడుతుంది: స్ప్రింగు మీదున్న బరువు, చక్రం దగ్గర తెలిసే స్ప్రింగు గట్టిదనం, చక్రం ఎంత కదిలితే షాకు ఎంత కదులుతుందన్న నిష్పత్తి. ఈ మూడోదాన్ని మోషన్ రేషియో అంటారు. సొంతంగా కట్టిన కార్లలో సగం చిక్కులు దీని దగ్గరే పుడతాయని నా నమ్మకం.

ఒక లెక్క వేద్దాం. రోడ్‌స్టర్ మొత్తం బరువు 1,150 కిలోలు, అందులో సగం వెనక, అంటే ఒక్కో వెనక చక్రం మీద దాదాపు 287 కిలోలు. చక్రం, హబ్బు, ఆర్ముల్లో కొంత భాగం కలిపి ఒక 37 కిలోలు తీసేస్తే స్ప్రింగు మీద నిలిచేది 250 కిలోలు. మామూలు కార్లు సెకనుకి ఒకటి నుంచి ఒకటిన్నర సార్లు ఊగేలా స్ప్రింగులు పెడతారు. కాస్త చురుకైన కారు కాబట్టి ఒకటిన్నర తీసుకుంటే చక్రం దగ్గర ఒక్కో మిల్లీమీటరుకి 22 న్యూటన్ల పైచిలుకు గట్టిదనం కావాలి. చక్రం 100 మిల్లీమీటర్లు లేస్తే షాకు 65 మిల్లీమీటర్లే నొక్కుకుంటుందనుకుందాం, అంటే నిష్పత్తి 0.65. స్ప్రింగు దగ్గరి గట్టిదనం చక్రం దగ్గరికి వచ్చేసరికి ఈ నిష్పత్తి వర్గంతో తగ్గుతుంది: 0.65ని 0.65తో హెచ్చిస్తే 0.42. అందుకని ఒక్కో వైపు స్ప్రింగుల మొత్తం మిల్లీమీటరుకి 52 న్యూటన్ల పైన ఉండాలి. జాగ్వార్ పద్ధతిలో వైపుకి రెండు కాబట్టి ఒక్కోటి 26. అమెరికన్ కేటలాగు భాషలో అంగుళానికి 150 పౌండ్లు.

షాకుకీ అదే వర్గం లెక్క. షాకు పై బిగింపుని గాని, కింది బిగింపుని గాని వెల్డింగు సౌకర్యం కోసం జరిపి నిష్పత్తి 0.65 నుంచి 0.85కి మారిందనుకోండి. అదే షాకు, అదే వాల్వు, అదే నూనె. చక్రం దగ్గర అది 70 శాతం ఎక్కువ గట్టిగా పనిచేస్తుంది. షాకుని నిటారుగా కాకుండా వాల్చి పెడితే అదే వర్గం లెక్కన ఆ గట్టిదనం తగ్గుతుంది. నిలువుకి 30 డిగ్రీలు వాలిస్తే నాలుగో వంతు, 45 డిగ్రీలు వాలిస్తే సగం పోతుంది. ఇరుకు చట్రంలో చోటు కోసం షాకుని బాగా వాల్చేసి, తర్వాత మెత్తగా ఉందని గట్టి షాకు వెతికేవాళ్లు వెతకాల్సింది టేపు, కోణమాపకం.

బరువు తేడా కూడా ఇంతే పదునైనది. ఒకే ఊగుడు వేగానికి కావలసిన అణచివేత నేరుగా బరువుని బట్టి పెరుగుతుంది. ఎక్స్‌జే-ఎస్ 1,700 కిలోల పైమాటే. దాని షాకులు అలాగే ఉంచి పంజరాన్ని 1,150 కిలోల రోడ్‌స్టర్ కిందికి ఎక్కిస్తే, తేలికైన స్ప్రింగులు వేసినా సరే, అణచివేత ఒకటిన్నర రెట్ల దాకా పెరిగిపోతుంది. కారు వెనక భాగం ప్రతి చిన్న గతుకుకీ ఎగురుతుంది. అప్పుడు చాలామంది స్వతంత్ర సస్పెన్షన్నే తప్పుపడతారు, పాత ఇరుసే నయమనేస్తారు. ఇది నాకు బాధ కలిగించే సంగతి. ఈ-టైప్ బరువు 1,250 కిలోల దరిదాపుల్లో ఉండేది. ఆ కారుకి ఉద్దేశించిన షాకులు అదే పంజరంలో తేలికపాటి బండికి చాలా దగ్గరగా నప్పుతాయి. ఒకే వంశంలో పుట్టిన రెండు కార్ల షాకుల మధ్య ఇంత తేడా ఉంటే, ఊరూపేరూ లేని "యూనివర్సల్" షాకు మన కారుకి ఎందుకు నప్పాలి?

నాబ్ ఉన్న షాకుతో ఈ తేడాని సరిచేయలేమా అంటే, కొంతవరకే. నాబ్ ఏం మారుస్తుందో చూడండి. చాలా షాకుల్లో అది పిస్టన్ పక్కనుంచి నూనె జారే చిన్న దారిని వెడల్పో ఇరుకో చేస్తుంది. కారు మలుపులో ఒరిగేటప్పుడు, బ్రేకు వేస్తే ముక్కు వంగేటప్పుడు షాకు రాడ్డు నెమ్మదిగా కదులుతుంది. ఆ నెమ్మది కదలికల మీద నాబ్ ప్రభావం బాగా తెలుస్తుంది. గుంతలో పడ్డప్పుడు, రైలు పట్టాలు దాటేటప్పుడు రాడ్డు ఎన్నో రెట్లు వేగంగా దూసుకొస్తుంది. అప్పుడు నూనెని అడ్డుకునేది పిస్టన్ మీద పేర్చిన పల్చటి ఉక్కు పలకల వాల్వు. దాన్ని నాబ్ తాకదు. రెండు వేగాలకీ విడివిడి నాబ్‌లున్న ఖరీదైన రకాలు లేకపోలేదు, కానీ వీధి కార్లకు కొనేవి చాలావరకు అవి కావు. వాల్వు బరువైన బండికి పేర్చినదైతే, నాబ్‌ని ఆఖరి క్లిక్కుదాకా మెత్తన చేసినా గుంత మీద దెబ్బ దెబ్బలాగే తగులుతుంది. అందుకే మంచి తయారీదారులు నాబ్ ఉన్న షాకు అమ్మేటప్పుడు కూడా కారు బరువెంత, నిష్పత్తి ఎంత, కోణమెంత అని అడుగుతారు. అంటే కొలత తప్పించుకోవడానికి నాబ్ కొన్నవాడు కూడా చివరికి కొలవక తప్పదు.

నాబ్‌ల సంఖ్య గురించి కూడా తీరిగ్గా ఆలోచించాలి. నొక్కుడుకి ఒకటి, ఎగదన్నుడుకి ఒకటి చొప్పున రెండు నాబ్‌లు, ఒక్కోదానికి 18 క్లిక్కులు ఉన్న షాకులు మార్కెట్లో మామూలే. అంటే ఒక్క షాకులో 324 అమరికలు. జాగ్వార్ వెనక భాగంలో అలాంటివి నాలుగు. మొత్తం ఎనిమిది నాబ్‌లు. ఒకే చక్రానికి ఉన్న రెండు షాకులూ హాఫ్ షాఫ్టుకి ముందొకటి, వెనకొకటి నిలబడతాయి. ముందున్నది గట్టిగా, వెనకున్నది మెత్తగా ఉంటే లోయర్ ఆర్మ్‌ని మెలితిప్పే బలం పుడుతుంది. కాబట్టి రెండింటినీ ఎప్పుడూ సరిసమానంగా ఉంచాలి. ఒకే క్లిక్కు సంఖ్య మీద ఉన్నంత మాత్రాన రెండు షాకులు ఒకేలా పనిచేస్తాయన్న హామీ లేదు. చిన్న రంధ్రాల్లో, సూది మొనల్లో ఉండే తయారీ తేడాలు అక్కడ బయటపడతాయి. షాక్ డైనోమీటర్ మీద పెట్టి బలమూ వేగమూ గీత గీయించి జతలు కట్టించుకుంటే తప్ప ఆ సంగతి తెలియదు. ఆ గీతే గీయించే పనైతే, స్థిరమైన వాల్వున్న షాకులకే గీయించి నాలుగూ ఒక్కలా ఉండేట్టు చూసుకోవడం సుఖం కదా అని రెండో పక్షం అడుగుతుంది. నాకు దీనికి ఎదురు జవాబు దొరకలేదు, కనీసం నాలుగు షాకుల జాగ్వార్ అమరిక విషయంలో. కొందరు వైపుకి ఒక్కటే ఉంచి, దానికి తగ్గ గట్టి స్ప్రింగు వేస్తారు. నాబ్‌లు సగమవుతాయి గాని, ఆర్మ్‌కి ఒకే పక్కన షాకు నిలిస్తే ఆ మెలితిప్పు శాశ్వతమవుతుంది. అలా చేసేవాళ్లు బిగింపుని ఆర్మ్ మధ్యకి తేవాలి, మధ్యలో హాఫ్ షాఫ్టు అడ్డం.

నాబ్ వల్ల వచ్చే మరో ప్రమాదం తక్కువగా మాట్లాడుకుంటారు. కారు ఊగుతోందనిపిస్తే సహజంగా చెయ్యి గట్టి వైపే తిరుగుతుంది. ఎగదన్నుడు నాబ్‌ని ఎక్కువగా బిగిస్తే, వరస గతుకుల మీద చక్రం ఒక గతుకు నుంచి పూర్తిగా కిందికి దిగకముందే రెండోది తగులుతుంది. కారు కొద్దికొద్దిగా కుంగిపోతూ ఆఖరికి రబ్బరు స్టాపుల మీద నడుస్తుంది. నడిపేవాడికి అది మెత్తటి స్ప్రింగులా అనిపిస్తుంది, ఇంకో రెండు క్లిక్కులు బిగిస్తాడు. ఇందాకటి లెక్కలో చక్రం దగ్గర సంపూర్ణంగా ఊగుడు ఆపేసే విలువ సెకనుకి మీటరు వేగానికి దాదాపు 4,700 న్యూటన్లు. సుఖంగా నడిచే వీధి కారుకి అందులో మూడో వంతు చాలు. చురుకుగా నడపాలనుకునేవాడికి సగానికి కాస్త పైన. ఆ విలువ దాటాక దొరికేది పట్టు కాదు, ఎముకలు అదిరే ప్రయాణం. చక్రం నేలని వదిలి గాల్లో ఉన్నంతసేపు టైరుకి పట్టెక్కడిది?

కొలిచి కట్టించే పద్ధతిలోనూ లోపాలు ఉన్నాయి. కొలత తప్పయితే షాకు కూడా తప్పవుతుంది, దాన్ని సర్దుకునే దారి లేదు. కారు మారినా అంతే. ఏడాది తర్వాత వెనక సీటు తీసేసినా, బరువైన టైర్లు వేసినా పాత కొలత పాతబడుతుంది. మంచి వాల్వు పని చేసే షాపులు అన్ని ఊళ్లలో ఉండవు. కొలతలు అడిగి వివరంగా మాట్లాడే షాపు దొరకడమే అదృష్టం. అన్నిటికన్నా ముఖ్యం, నడిపేవాడి ఇష్టం కాగితం మీద ఉండదు. తనకేం కావాలో నడిపితే గాని తెలియనివాళ్లే ఎక్కువ, అందులో తప్పేమీ లేదు.

అయితే మొదటి పక్షం వాదనకి మూలస్తంభం "ముందుగా తెలియదు" అన్న మాట. ఎందుకు తెలియదు? షాకులు ముందే కొనడం వల్ల. చట్రం ఎత్తు చూసుకోవాలి, బిగింపులు ఎక్కడ వెల్డు చేయాలో తేలాలి, అందుకని కట్టడం మొదలుపెట్టినప్పుడే షాకులు కొనేస్తారు. ఆ పనికి షాకులు అవసరం లేదు. కావలసిన నిలుచున్న ఎత్తులో షాకు పొడవెంతో అంత పొడవున రెండు చివరలా రంధ్రాలు పెట్టిన ఉక్కు పట్టీలు నాలుగు చాలు. వాటితో బిగింపులు వెల్డు చేసుకోవచ్చు, కారుని చక్రాల మీద నిలబెట్టి షెడ్డులో తోసుకోవచ్చు. తర్వాత ఇంజను, గేర్‌బాక్సు, ట్యాంకు, సీట్లు, రంగు అన్నీ అయ్యాక నాలుగు చక్రాల కిందా నాలుగు తూకాలు పెట్టి, డ్రైవరు బరువున్న మనిషిని కూర్చోబెట్టి తూచాలి. స్ప్రింగులు లేకుండా జాకీతో చక్రాన్ని పదేసి మిల్లీమీటర్లు లేపుతూ షాకు బిగింపుల మధ్య దూరం రాసుకుంటే మోషన్ రేషియో చేతికొస్తుంది. కదలిక పొడవునా అది ఎలా మారుతుందో కూడా తెలుస్తుంది. తుక్కు యార్డులో దొరికే వాడిన షాకులతో నాలుగు మైళ్లు నెమ్మదిగా నడిపినా నష్టం లేదు. షాకుల ఆర్డరు ఆఖరున పెడితే మొదటి పక్షం చెప్పే గుడ్డి అంచనాలో చాలా భాగం మాయమవుతుంది. ఈ ఒక్క మార్పు, ఏ బ్రాండు కొనాలన్న చర్చకన్నా కారుకి ఎక్కువ మేలు చేస్తుంది.

అణచివేతకన్నా ముందు చూడాల్సింది పొడవు. ఇక్కడ రెండు పక్షాలకీ మినహాయింపు లేదు. పాత ఇరుసు కింద షాకు కాస్త పొడుగైతే పెద్ద ముప్పేమీ రాదు. స్వతంత్ర సస్పెన్షన్‌లో చాలా చోట్ల చక్రం కిందికి వేలాడే హద్దుని నిర్ణయించేది షాకే. జాగ్వార్‌లోనూ, కార్వెట్‌లోనూ హాఫ్ షాఫ్టుల క్రాస్ జాయింట్లు ఒక కోణం దాటితే పట్టేసి విరుగుతాయి. థండర్‌బర్డ్, కోబ్రాల్లో సీవీ జాయింటు లోపలి భాగం జారి బయటికి వచ్చే ప్రమాదం ఉంది. కాబట్టి షాకు పూర్తిగా సాగిన పొడవు, ఆ జాయింటు భరించే కోణంకన్నా ముందే ఆగాలి. పూర్తిగా నొక్కుకున్న పొడవు, రబ్బరు స్టాపు తగిలాకే రావాలి. లేకపోతే పిస్టన్ అడుగున కొట్టుకుని బిగింపు చీలుతుంది. నిలుచున్న ఎత్తులో మొత్తం కదలికలో సగానికి కాస్త ఎక్కువ నొక్కుడుకి మిగలాలి. అణచివేత గొప్పగా ఉండి పొడవు తప్పిన షాకుని తిరిగి పంపేయడం ఒక్కటే దారి.

షాకుల మీద పడే నిందల్లో కొన్ని వాటివి కావు. 1999 కోబ్రా వెనక భాగం డ్రాగ్ స్ట్రిప్‌లో పేరు పోగొట్టుకున్నది చక్రాల గంతుల వల్ల. గట్టిగా క్లచ్ వదిలితే వెనక చక్రాలు పట్టు దొరికీ దొరక్క టకటకా ఎగిరేవి, హాఫ్ షాఫ్టులు విరిగేవి. దాని మూలం ఎక్కువగా మెత్తటి రబ్బరు బుష్షుల్లో ఉంది. డిఫరెన్షియల్, ఆర్ములు, చట్రం అన్నీ బుష్షుల మీద స్ప్రింగుల్లా మెలితిరిగి వెనక్కి తన్నుతాయి. ముందు డిఫరెన్షియల్ బుష్షులు గట్టివి వేసి, తర్వాత షాకుల సంగతి చూడాలి. అలాగే పాత ఇరుసున్న కారులో ఇరుసు మీద పుట్టే ఎదురు మెలితిప్పు బలం లింకుల ద్వారా చట్రాన్ని పైకి నెడుతుంది. డిఫరెన్షియల్ చట్రానికే బిగిస్తే ఆ సాయం చాలావరకు పోతుంది, యాక్సిలరేటర్ తొక్కితే వెనక భాగం ఎక్కువ కుంగుతుంది. దాన్ని నొక్కుడు నాబ్ బిగించి ఆపాలని చూస్తే, కుంగుడు కాస్త ఆలస్యమవుతుందే తప్ప ఆగదు. దానికి ఆర్ముల కోణాలు కారణం.

కాయిలోవర్లా, స్ప్రింగు ఒక చోట షాకు ఒక చోటా అన్నది విడి చర్చ, త్వరగా ముగించవచ్చు. కోబ్రాలో స్ప్రింగు లోయర్ ఆర్మ్ నడుమ కూర్చుంటుంది, షాకు చక్రానికి ఇంకా దగ్గరగా ఉంటుంది. రెండింటికీ నిష్పత్తులు వేరు. షాకు నిష్పత్తి పెద్దది కాబట్టి తక్కువ బలంతో, సన్నటి తేడాలతో పని జరుగుతుంది, అది మంచిదే. నాలుగో తరం కార్వెట్‌కి అడ్డంగా ఒకే ఫైబర్ కమాను పట్టీ ఉండేది. అది తీసేసి కాయిలోవర్ పెడితే, అంతకుముందు షాకు బలాన్ని మాత్రమే చూసిన బిగింపు మీద కారు బరువంతా పడుతుంది. ఆ బిగింపుని రెండు పక్కలా పట్టుండేలా బలపరచకుండా కాయిలోవర్ వేయకూడదు. జాగ్వార్‌కి ఈ బెంగ లేదు, పుట్టుకతోనే కాయిలోవర్.

ఒంటి గొట్టమా, జంట గొట్టమా అన్న విషయంలో మాత్రం కాస్త ఆగాలి. ఫ్రెంచ్ ఇంజినీరు డీ కార్బన్ ఆలోచన నుంచి వచ్చిన ఒంటి గొట్టం షాకులో నూనెనీ నైట్రోజన్‌నీ ఒక తేలే పిస్టన్ వేరుచేస్తుంది. వేడి త్వరగా వదులుతుంది, ఎంత వాల్చినా, తలకిందులుగా పెట్టినా నూనెలో గాలి కలవదు. జంట గొట్టం షాకుని బాగా వాలిస్తే లోపలి గాలి నూనెలోకి చేరి కొన్ని మిల్లీమీటర్లు ఖాళీగా జారుతుంది. అందుకే వాలు ఎక్కువైన చోట ఒంటి గొట్టమే సరి. కానీ దాని గ్యాసు పీడనం 20 బార్ల పైన ఉంటుంది. 11 మిల్లీమీటర్ల రాడ్డు, 25 బార్ల పీడనం అనుకుంటే ఒక్కో షాకు దాదాపు 24 కిలోల బలంతో పైకి నెడుతుంది. జాగ్వార్ అమరికలో నాలుగు కలిస్తే, ఇందాకటి రోడ్‌స్టర్ వెనక భాగం సెంటీమీటరు పైగా లేస్తుంది. స్ప్రింగులు ఎంచుకునేటప్పుడు ఈ లెక్క వేసుకోనివాళ్లు కారు ఎత్తు ఎందుకు కుదరడం లేదో తెలియక స్ప్రింగు తర్వాత స్ప్రింగు మారుస్తారు.

ఇన్ని చూశాక, వీధిలో తిరగడానికి కట్టిన నాలుగు షాకుల జాగ్వార్ అమరికకి నేను చెప్పేది స్థిరమైన వాల్వున్న, విప్పి మళ్లీ కట్టడానికి వీలైన షాకులే. నొక్కుడుకన్నా ఎగదన్నుడు రెండు రెండున్నర రెట్లు గట్టిగా, నాలుగూ డైనోమీటర్ మీద జత కుదిర్చినవి. విప్పడానికి వీలైనవే ఎందుకంటే, కొలత తప్పినా పలకలు మార్చుకోవచ్చు. కారు మారితే షాకూ మారుతుంది. వైపుకి ఒకే షాకున్న కోబ్రా, థండర్‌బర్డ్ అమరికల్లో నా పట్టుదల కొంత సడలుతుంది. అక్కడ ఎగదన్నుడుకి మాత్రమే ఒక నాబ్ ఉన్న షాకు మంచి రాజీ. అదీ వాల్వు ముందే బరువుకి కుదిరిందై ఉండాలి, నాబ్ నడిమధ్య క్లిక్కులో కారు హాయిగా నడవాలి. నడిమధ్యలో హాయిగా లేకపోతే అది తప్పు షాకు, అటు తిప్పినా ఇటు తిప్పినా.

రెండు నాబ్‌లూ నిజంగా తమ ఖరీదు తీర్చుకునేది ఒకే కారుని రెండు రకాలుగా వాడేవాళ్ల దగ్గర. వారమంతా ఆఫీసుకి నడిపి, శనివారం రాత్రి డ్రాగ్ స్ట్రిప్‌కో, ఆటోక్రాస్‌కో తీసుకెళ్లేవాళ్లు. వాళ్లకి ఒక్క కొలత చాలదు, ఎందుకంటే వాళ్ల కారు నిజంగానే రెండు కార్లు. అలాంటివాళ్లు వీధిలో నడిపేటప్పటి క్లిక్కుల సంఖ్య ఎనిమిది నాబ్‌లకైనా నాలుగు నాబ్‌లకైనా విడివిడిగా రాసి డిక్కీ మూత లోపల అంటించుకోవాలి. స్ట్రిప్‌లో ముందు ఎగదన్నుడు ముట్టుకోకుండా నొక్కుడు ఒక్కటే రెండేసి క్లిక్కులు మార్చి చూడాలి, ప్రతి మార్పుకీ రెండు పరుగులైనా తీయాలి, టైర్ల గాలి మాత్రం ఆ రాత్రంతా మార్చకూడదు. గాలి మారితే చక్రం ఊగుడే మారిపోతుంది, నాబ్ ఏం చేసిందో ఇక తేలదు.